చెయ్యి ఆనే చోటు



మన క్వయర్‌లో బేస్ గిటార్ వాయించే తమ్ముడి ముంజేతి మీద ఎర్రటి గీత మీలో ఎంతమంది చూశారు? ఆదివారం ఆరాధన అయ్యేసరికి పడుతుంది. ఎవరో ఇచ్చిన పాత గిటార్ అది. పలక కోసినట్టు అంచులన్నీ నిటారుగా ఉంటాయి. ముందు అంచు చేతిని, వెనక అంచు పక్కటెముకను ఒత్తుతాయి. "అలవాటైపోయింది అయ్యగారూ" అంటాడు. కానీ ఈ మధ్య ప్రాక్టీసుకు రావడం తగ్గించాడు. మనకున్నది అతనొక్కడే.

ఇది పాత బాధే. అమెరికాలో లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ కూడా ఇలా పలకలాగే ఉండేది. ఆయనకు గిటార్ వాయించడం రాదు. ఎక్కడ ఒత్తుతోందో వాయించేవాళ్ళు చెబితేనే ఆయనకు తెలిసేది. వాళ్ళ మాట విని 1954లో స్ట్రాటోకాస్టర్ గిటార్‌ను చెయ్యి ఆనే చోట ఏటవాలుగా, పొట్ట తగిలే చోట లోపలికి చెక్కించాడు. అదే ఏడు బేస్‌కూ ఆ రూపం వచ్చింది.

తమ్ముణ్ణి తీసుకుని కోఠి వెళ్ళాను. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు అమ్మే గుజరాతీ గల్లీ దాటాక, గిటార్లు బాగుచేసే ఒకాయన ఉన్నారు. ఆయన ముందుగా ఆకురాయి పట్టలేదు. "గిటార్ తగిలించుకొని నిలబడు బాబూ, ఎప్పుడూ వాయించినట్టే వాయించు" అన్నారు. చెయ్యి ఎక్కడ ఆనుతోందో, ఎముకకు ఎక్కడ తగులుతోందో పెన్సిలుతో గీశారు. తర్వాతే తంతులు విప్పి, మెడ ఊడదీసి, ఆ గీతల వరకే ఆకురాయితో అరగదీశారు. మధ్యలో రెండుసార్లు తమ్ముడి ఒంటికి ఆనించి చూశారు.

"తీసిన కట్టె మళ్ల అతకదు సార్, కొంచెం కొంచెం తియ్యాలె" అన్నారు.

చివర ఉప్పుకాగితం పట్టి రంగు వేశారు. పదును అంచు మీద రంగు పలచగా నిలిచి ముందు అక్కడే లేచిపోతుందట. గుండ్రటి అంచైతే బాగా పట్టుకుంటుందట. ఒక్కచోట మాత్రం ఆయన చెయ్యి పెట్టలేదు. మెడ కూర్చునే గాడి అంచులను సూటిగానే ఉంచారు. అవి అరిగితే మెడ కదులుతుంది.

ప్రియులారా, నన్ను ఆలోచింపజేసింది ఆ పెన్సిలు గీత. నొప్పి ఎక్కడో మోసేవాళ్ళకే తెలుసు. మన శుక్రవారం ప్రార్థన సాయంత్రం 6 గంటలకు. కూలి నుంచి వచ్చే అక్కలు పొయ్యి వెలిగించేది కూడా అప్పుడే. వాళ్ళూ "అలవాటైపోయింది" అనే అంటారు. ప్రార్థన ఆ గాడిలాంటిది, దాన్ని అరగదీయకూడదు. గంటను మాత్రం జరపవచ్చు. ఎంత జరపాలో కమిటీ కూర్చునే ముందు ఆ అక్కలను అడుగుదాం.