పరిచయాల జంక్షన్

మనవాళ్ల పరిచయాలు ఊరితో బయలుదేరి, ఇంటిపేరు మీదుగా, ఏదో ఒక చుట్టరికం దగ్గర ఆగుతాయి. న్యూరోమాచ్ అకాడమీలో ఆ వీలు లేదు. 2020 జులైలో ఇంటర్నెట్ మీద మొదలైన వేసవి బడి అది. మెదడు పనిచేసే తీరును మూడు వారాలపాటు లెక్కల్లో చెబుతారు. అందులో చేరిన మా మేనకోడలు, తానెవరో దేశదేశాల పిల్లలకు చెప్పుకోవలసి వచ్చింది. ముందు "హైదరాబాదు దగ్గర" అని రాసింది.

"కాజీపేట అంటే వాళ్లకేం తెలుస్తది మామా?"

"తెలిసేట్టు చెప్పు" అన్నాను.

కొట్టేసి మళ్లీ రాసింది: "మాది కాజీపేట. ఢిల్లీ నుంచి వచ్చే రైలుదారి ఇక్కడ చీలి, ఒకటి హైదరాబాదుకు, ఒకటి బెజవాడకు పోతుంది. మెదడులో కణమూ నాలుగు దిక్కుల కబుర్లు విని, తాను కబురు పంపాలో వద్దో తేల్చుకుంటుంది. ఆ లెక్కేమిటో నేర్చుకోవాలి."

ఇంటిపేరు రాయలేదేమని మా అక్క గొణిగింది. ఊరు దాచలేదు, అదే పదివేలు!