పసికందు చూపు

పురిటి గదిలోకి అడుగుపెట్టిన చుట్టం ఎవరయినా సరే, ముందు పసిబిడ్డ పోలికలు పంచుతారు. ముక్కు తాతగారిదంటారు. నుదురు మేనత్తదంటారు. కళ్ళు మాత్రం అచ్చు తల్లివేనని అందరూ ఏకగ్రీవంగా తీర్మానిస్తారు. ఆ కళ్ళు చూస్తున్నాయా అని అడిగిన చుట్టాన్ని ఇంతవరకూ నేను చూడలేదు. అడగటం అశుభమని కాబోలు! అడిగినా చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఉండరు. చిక్కంతా అక్కడే ఉంది. పైకి కళ్ళు కలువరేకుల్లా ఉంటాయి. జబ్బు లోపల ఉంటుంది.

మా అమ్మాయి తొలికాన్పు నెలలు నిండకుండానే అయింది. ముప్ఫయ్యో వారంలో పుట్టిన పిల్ల, బరువు 1,300 గ్రాములు. మూడు వారాలు గాజుపెట్టెలో పెట్టి, ప్రాణవాయువు ఇచ్చి బ్రతికించారు. అందుకు ఆ డాక్టర్లకూ నర్సులకూ రెండు చేతులా నమస్కారం. అయితే, ఇంటికి పంపేటప్పుడు పాలెలా పట్టాలో, ఒంటికి ఆనించుకుని వెచ్చగా ఎలా ఉంచుకోవాలో పూసగుచ్చినట్టు చెప్పినవాళ్ళు ఒక్క సంగతి మాత్రం నోటితో చెప్పలేదు. ముప్ఫై రోజుల్లోగా కంటి పరీక్ష చేయించాలని చీటీ అడుగున ఇంగ్లీషులో ఒక పంక్తి రాసి ఊరుకున్నారు. అది మా అమ్మాయి కంటబడింది గనుక సరిపోయింది.

మా వియ్యపురాలు ససేమిరా అన్నారు. "నెల వెళ్ళని పిల్లని, అందులోనూ గుప్పెడంత పిల్లని, కాకినాడనుంచి విశాఖపట్నందాకా కారులో కుదిపేస్తారా, వదినగారూ? కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. దీపంకేసి చూస్తోంది కూడానూ!"

ఆవిడ మాటలో ఉన్నది ప్రేమే. బాలింతనూ బిడ్డనూ గడప దాటనివ్వకపోవడం వాళ్ళను కాపాడుకోవడానికి పెట్టుకున్న కట్టుబాటే. కాని ఈ జబ్బుకు మన కట్టుబాట్లు తెలియవు.

"జలుబు చేస్తే మందుంది, అత్తయ్యగారూ. చూపు పోతే లేదు" అంది మా అమ్మాయి. ఆవిడ మరి మాట్లాడలేదు. తనే లేచి ఫ్లాస్కూ దుప్పట్లూ సర్దారు.

అక్కడి డాక్టరు మాకు విడమరచి చెప్పారు. కంటి లోపల వెనక వైపు రెటీనా అనే పల్చని పొర ఉంటుంది. దానికి రక్తం తెచ్చే నాళాలు అంచులదాకా పాకడం నెలలు నిండేవేళకు గాని పూర్తికాదు. బిడ్డ ముందే పుడితే ఆ పని మధ్యలో ఆగుతుంది. తరువాత నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి, ముదిరితే పొరను లాగి ఊడదీస్తాయి. 'రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ' అని దీనికి పేరు. 1942లో అమెరికాలో టెర్రీ అనే డాక్టరు దీన్ని మొదట వర్ణించారు. మోతాదు మించిన ప్రాణవాయువు కారణం కావచ్చునని 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే వైద్యురాలు రాశారు. బ్రతికించిన గాలే చూపు తీస్తుందంటే ఎవరు నమ్ముతారు! అలాగని మానేస్తే ప్రాణం దక్కదు. అందుకే కొలిచి ఇస్తారు. ఎంత కొలిచి ఇచ్చినా పరీక్ష తప్పదు.

కంట్లో చుక్కలు వేసి, పాపలు విప్పారాక, రెప్పలు మూతపడకుండా చిన్న తీగ అమర్చారు. తలకు దీపం కట్టుకున్న డాక్టరు చేత్తో ఒక అద్దం పట్టుకుని లోపలికి చూశారు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. కొద్ది నిమిషాల్లో అయిపోయింది. జబ్బు మొదలయిందన్నారు, వారానికోసారి రమ్మన్నారు. మూడోసారికి ముదిరింది. రెండు రోజుల్లోగా లేజరు వైద్యం చేశారు. ఇప్పుడు దానికి నాలుగేళ్ళు. దళసరి కళ్ళజోడు పెట్టుకుని, బియ్యంలో రాళ్ళు నాకంటే ముందు ఏరుతుంది.

అందరికీ ఇలా జరగలేదు. 1996లో చెన్నైలో నెలలు నిండకుండా పుట్టిన ఒక ఆడపిల్లకు ఈ పరీక్ష చెయ్యలేదు. చేయించాలని తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. చూపు పోయింది. 2015లో సుప్రీంకోర్టు దాదాపు 1 కోటి 80 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. పంతొమ్మిదేళ్ళ చీకటి తరువాత వచ్చిన డబ్బు అది.

మన దేశంలో పాటించే లెక్క ఇది. 2,000 గ్రాములకు తక్కువ బరువుతోనో, 34 వారాలకు ముందుగానో పుట్టిన బిడ్డకు ముప్ఫై రోజుల్లోగా మొదటి పరీక్ష జరగాలి. మరీ చిన్నవాళ్ళకు ఇంకా ముందే. ఒక్కసారితో సరిపోదు, డాక్టరు చాలన్నదాకా వెళ్ళాలి. నెలలు నిండిన బిడ్డకయినా పిల్లల డాక్టరుచేత కంట్లో దీపం వేయించి చూపించండి. రెండు పాపల్లోనూ ఎర్రని మెరుపు కనబడాలి. తెల్లగా కనబడితే శుక్లమో, మరింత పెద్ద జబ్బో కావచ్చు, ఆలస్యం పనికిరాదు. 2013లో మొదలయిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు శుక్లాలనూ ఈ రెటీనా జబ్బునూ చేర్చారు. కనుక సర్కారు ఆస్పత్రిలో అడగడానికి జంకనక్కరలేదు.

బారసాలకు ఎవరెవరిని పిలవాలో మనమందరం జాబితా రాసుకుంటాం. ఆ కాగితం మీదే, చుట్టాల పేర్లన్నిటికంటే పైన, కంటి పరీక్ష తేదీ వేసుకోమని తల్లులకూ, అంతకంటే ముఖ్యంగా నాబోటి అమ్మమ్మలకూ నాయనమ్మలకూ నా మనవి.