ఆఖరి ర్యాంకు ఎంతండీ?

ఎండలు తగ్గి మొదటి వాన పడే రోజుల్లో మన ఇళ్ళల్లో ఓ జబ్బు మొదలవుతుంది. దానికి డాక్టర్లు ఇంకా పేరు పెట్టలేదు గాని, లక్షణాలు తల్లులందరికీ తెలుసు. అన్నం సయించదు. నిద్ర పట్టదు. పలకరిస్తే విసుగు. చేతిలో ఫోను కింద పెట్టబుద్ధి కాదు. ఇంజనీరింగు ప్రవేశపరీక్ష అయిపోయింది, ర్యాంకు వచ్చేసింది, కాలేజీ ఏదో మాత్రం తేలలేదు. ఆ మధ్య రోజుల జబ్బు ఇది.

ఈ ఏడు మా ఇంట్లో రోగి మా అక్క మనవరాలు. తల్లీ తండ్రీ ఉద్యోగాలకు పోతే ఒంటరిగా ఉంటుందని పిల్లని రాజమండ్రిలో మా దగ్గరకు పంపారు. ర్యాంకు 14 వేల చిల్లర.

"బాగానే వచ్చింది కదే!" అన్నాను.

"నీకు తెలీదులే అమ్మమ్మా. మా గ్రూపులో 9 వేల ర్యాంకువాడే ఏడుస్తున్నాడు" అంది.

ఆ గ్రూపేమిటో చూద్దును గదా, 200 మందికి పైగా ఉన్నారు. ఒకరి మొహం ఒకరెరగరు. రాత్రి ఒంటిగంటకు ఒకడు అడుగుతాడు, "నా ర్యాంకుకి ఫలానా కాలేజీలో కంప్యూటర్సు వస్తుందా?" అని. నిమిషంలో నలుగురు జవాబు చెబుతారు. ఆ నలుగురూ కూడా సీటు కోసం కాచుక్కూచున్నవాళ్ళే! పెళ్ళికాని పిల్లలు నలుగురు చేరి అత్తగార్లతో ఎలా మెలగాలో చెప్పుకుంటున్నట్టుంది.

ఇంకో చిత్రం ఏమిటంటే, 2 వేల ర్యాంకువాడు రోజుకి పదిసార్లు మాట్లాడతాడు. 80 వేల ర్యాంకువాడు నోరు విప్పడు. పేరంటానికి నగలున్నవాళ్ళే వస్తే ఊళ్ళో అందరికీ నగలున్నట్టే ఉంటుంది మరి. మా పిల్లకి లోకమంతా తనకంటే ముందున్నట్టు కనిపించడంలో వింత ఏముంది?

బెంగపడితే పడింది, నాలుగు రోజులు పోతే తగ్గుతుందనుకోవచ్చు. కాని ఆ బెంగలో ఇది చేసిన పని చూడండి. దీనికి చిన్నప్పట్నించీ వంతెనలంటే పిచ్చి. సెలవులకి వచ్చినప్పుడల్లా గోదావరి గట్టు మీదికి తీసుకుపొమ్మనేది. 1900లో మొదలై 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవలాకు వంతెనకేసి గంటసేపు చూసేది. కాకినాడ ప్రభుత్వ కాలేజీలో, అదే 1946లో పుట్టిన కాలేజీలో, సివిలు చదవాలని దీని కోరిక. తీరా ఆప్షన్లు పెట్టే సాయంత్రం చూస్తే, కాకినాడ సివిలు 11వ స్థానంలో ఉంది! పైన పదీ పేరైనా సరిగ్గా పలకలేని కాలేజీల్లో కంప్యూటర్సు.

"ఇదేమిటే?"

"రాని కాలేజీ పైన పెడితే కిందవి కూడా పోతాయిట. గ్రూపులో అందరూ అంటున్నారు. పైగా సివిలు ఆడపిల్లలకెందుకుట!"

రెండోదానికి జవాబు చెప్పబోతే మా వారు నన్ను ఆపారు. మొదటిదానికి ఆయనే చెప్పారు. మా అబ్బాయి చేరిన 2001లో ర్యాంకుల వారీగా మనుషుల్ని పిలిచి, అప్పటికి మిగిలిన సీట్లు చూపించి, ఏది కావాలని అడిగేవారు. ఇప్పుడు మనిషి వెళ్ళక్కర్లేదు, పట్టికే వెళుతుంది. నీ వంతు రాగానే కంప్యూటరు నీ పట్టిక పైనుంచి కిందికి చదువుతుంది. మొదటిది ఖాళీ ఉంటే అదే ఇస్తుంది, లేకపోతే రెండోది చూస్తుంది. పైది దొరకనంత మాత్రాన కిందది నీకంటే వెనక ర్యాంకువాడికి పోదు. రెండో విడతలో మళ్ళీ ఆప్షన్లు పెట్టి, అందులో కొత్త సీటు వస్తే పాతది పోతుంది, నిజమే. ఎవరో ఆ మాట సగం విని దీనికి అతికించారు.

"మరి ఆ 9 వేలవాడు?"

"వాడు మగపిల్లాడు. మూడోవంతు సీట్లు ఆడపిల్లలకి కేటాయించి ఉంటాయి. పోయినేటి ఆఖరి ర్యాంకుల పట్టికలో ఆడపిల్లలకి వేరే, మగపిల్లలకి వేరే, కులాల వారీగా వేరే ఇచ్చారు. నీ గడి నువ్వు చూసుకో. వాడి ఏడుపు నీకెందుకు?"

పిల్ల ఆ పట్టిక తెరిచి చాలాసేపు చూసింది. ఏం కనపడిందో మాకు చెప్పలేదు. ఉన్న ఆప్షన్లన్నీ చెరిపి, కాకినాడ సివిలు మొదట పెట్టి, తరవాత నిజంగా తనకి ఇష్టమైన వరసలో మిగతావి రాసుకుంది. ఆ రాత్రి రెండోసారి చారు వేయించుకుని తింది. నాకు అదే పదివేలు.

సీటు సంగతి ఇంకా తేలలేదు. గ్రూపులోంచి వచ్చెయ్యవే అంటే మాత్రం రాలేదు. ఇవాళ పొద్దున ఎవరో కుర్రాడు కొత్తగా అడిగాడట, "పెద్ద కాలేజీ పైన పెడితే కిందవి పోతాయా?" అని. మా మనవరాలు పెసరట్టు చల్లారబెట్టుకుని, గంట నుంచి వాడికి జవాబు రాస్తోంది.