మీకేమమ్మా, రోజూ పిక్నిక్కే!

సెలవులకి విజయనగరం వెళ్ళినప్పుడల్లా ఏ పెళ్ళిలోనో, పేరంటంలోనో ఈ మాట నా చెవిన పడకుండా ఉండదు. "మీకేమమ్మా, అండమాన్‌లో కాపురం. రోజూ పిక్నిక్కే!" అనేస్తారు. అన్నవాళ్ళ తప్పేం లేదు. వాళ్ళకి తెలిసిన అండమాన్ కేలండర్ మీది అండమాన్. నీలం నీళ్ళు, తెల్లటి ఇసక, ఒక పక్కకి వాలిన కొబ్బరిచెట్టు. ఆ బొమ్మలో బిందెలు ఎక్కడా కనబడవు. నేను చెప్పబోయేది ఆ బిందెల సంగతే.

మా వారి ఉద్యోగరీత్యా 2017 జూన్‌లో పోర్ట్ బ్లెయిర్ వచ్చాం. (2024 సెప్టెంబరులో ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. మా చేపలావిడకి మాత్రం ఇప్పటికీ పోర్ట్ బ్లెయిరే.) దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. విశాఖ రేవులో ఓడ ఎక్కితే మూడోరోజుకి దిగాం. మా అబ్బాయికప్పుడు ఐదేళ్ళు. మొదటిరోజంతా కడ్డీలు పట్టుకుని సముద్రాన్ని చూసి కేరింతలు కొట్టాడు. రెండోరోజు పొద్దున్న లేచి, "అమ్మా, ఇంకా నీళ్ళేనా?" అన్నాడు. నేను మాత్రం నా రుబ్బురోలు ఎవరి సామాన్ల కింద పడిందోనని దిగేదాకా దిగులుపడుతూనే ఉన్నాను. నవ్వకండి, మా అమ్మమ్మ వాడిన రోలు అది.

వచ్చిన కొత్తలో ప్రతి ఆదివారమూ షికారే. కార్బిన్స్ కోవ్‌లో ఇసక, చిడియా టాపులో సూర్యాస్తమయం, సెల్యులర్ జైలు. హేవ్‌లాక్ దీవికి కూడా పడవెక్కి వెళ్ళొచ్చాం. దాని పేరు 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది. ఆర్నెల్లు తిరిగేసరికి సముద్రం మాకు విజయనగరంలో పెద్దచెరువులా అయిపోయింది. ఉందని తెలుసు, చూడ్డానికి వెళ్ళం. వెళ్ళామంటే చుట్టాలొచ్చారన్నమాట.

ఇక్కడ ముందుగా మార్చుకోవాల్సింది గడియారం కాదు, మన ఒళ్ళు. దేశమంతటికీ టైము లెక్కకట్టే గీత మన కాకినాడ దగ్గరగా పోతుందట. మేమేమో దానికి తూర్పున ఎంతో దూరంగా ఉన్నాం. గడియారం మాత్రం అదే. అందుకని పొద్దున్న ఐదూ, ఐదున్నరకల్లా ఎండ వంటింట్లోకి వచ్చేస్తుంది. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దుగూకిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి అమ్మ ఫోన్ చేసి "భోజనాలయ్యాయా?" అంటే, నాకు అర్ధరాత్రి లేపినట్టు ఉండేది.

వంటింటి కష్టం వేరు. మే నెల నుంచి డిసెంబరు దాకా వానలు. ఉప్పు నీరైపోతుంది, అప్పడం వేయించి పళ్ళెంలో పెట్టేలోగా మెత్తబడుతుంది. ఉప్పు డబ్బాలో గుప్పెడు బియ్యం చిన్న గుడ్డలో మూటకట్టి పడేస్తాను, కాస్త నయం. మొదటి ఏడాది అమ్మ పంపిన ఆవకాయ జాడీ ఎప్పట్లాగే అటక మీద పెట్టాను. ఆగస్టులో తీసి చూస్తే పైన తెల్లటి బూజు. ఆ రోజు నిజంగా ఏడ్చాను. ఇప్పుడు ముక్క మునిగి పైన రెండంగుళాలు తేలేలా నూనె పోసి, చిన్న చిన్న సీసాల్లోకి మార్చి ఫ్రిజ్‌లోనే ఉంచుతున్నాను. వడియాలు మాత్రం జనవరి నుంచి మార్చి లోపల పెట్టుకుంటేనే ఎండుతాయి.

ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పప్పులు అన్నీ ఓడలో రావలసినవే. సముద్రం బాగోక ఓడ నాలుగురోజులు ఆలస్యమైతే బజారులో టమాటా వంక చూడక్కర్లేదు. అయితే బచ్చలి, కంద, అరటి, బొప్పాయి, కొబ్బరి ఇక్కడివే. నేను ఆవపెట్టి కందబచ్చలి వండితే, పక్కింటి బెంగాలీ ఆవిడ అదే బచ్చలిని రొయ్యలతో వండుతుంది. గిన్నెలు గోడ మీదుగా మారుతుంటాయి. మాటలకీ లోటు లేదు. వీధిలో అందరం కలిసి మాట్లాడేది హిందీ అయినా, 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో వందకి పదమూడుమంది దాకా తెలుగువాళ్ళే. అందులో మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. చేపల బజారులో "వంజరం ఎంతమ్మా?" అని తెలుగులో బేరమాడిన రోజున నాకు సగం బెంగ తీరిపోయింది.

తీరనిది నీళ్ళ బెంగ.

ఏడాదికి సుమారు 300 సెంటీమీటర్ల వాన పడే ఊరు. మా విజయనగరంలో పడేదానికి రెండింతలు పైనే. అయినా కరువేమిటని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. ఇవన్నీ కొండల దీవులు. పడ్డ వాన వాలు మీంచి జారి గబగబా సముద్రంలో కలిసిపోతుంది. నిలవడానికి పెద్ద నదుల్లేవు. ఊరికి ముఖ్యంగా ధనిఖరి ఆనకట్ట నీళ్ళే ఆధారం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా చినుకు అరుదు, పర్యాటకుల రద్దీ ఎక్కువ. అందుకే ఎండాకాలంలో మా వీధికి మూడురోజులకొకసారి కుళాయి వస్తుంది. వచ్చిన ఆ కాసేపట్లోనే టాంకు, రెండు డ్రమ్ములు, ఆరు బిందెలు, ఆఖరికి ప్రెషర్ కుక్కరు కూడా నింపేస్తాను. బియ్యం కడిగిన నీళ్ళు బచ్చలి పాదుకి, బట్టలు జాడించిన నీళ్ళు మరుగుదొడ్డికి. ముగ్గురు మనుషులకి మూడురోజులు సరిపోతాయి. నాలుగో మనిషి వస్తే లెక్క తప్పుతుంది.

ఇవన్నీ నేను ఎవరికీ చెప్పలేదు. అక్కడే నా తప్పంతా.

అప్పట్లో ఇక్కడ ఇంటర్నెట్ నత్తనడక. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబులు 2020 ఆగస్టులో వచ్చాకే బాగుపడింది. అంతకుముందు ఒక్క ఫొటో పంపాలన్నా, ఫోను కిటికీలో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి వెళితే వెళ్ళినట్టు. ఎలాగూ ఒక్కటే వెళుతుంది కదాని అన్నిటికన్నా అందమైనది ఏరి పంపేదాన్ని. మా అబ్బాయి అలల్లో గెంతుతున్నదీ, నేను పట్టుచీర కట్టుకుని కొబ్బరిచెట్టు పక్కన నిలబడ్డదీ. బిందెల వరస ఫొటో ఎవరు పంపుతారు? పైగా, "ఎక్కడికో తీసుకుపోయి పడేశాడు మా పిల్లని" అని అమ్మ మా వారిని అనుకుంటుందేమోనని నాకు లోపల గింజులాట. కేబులు వచ్చాక అందమైనవే రోజుకు పది పంపడం మొదలుపెట్టాను. రోజూ పిక్నిక్కే అని వాళ్ళనుకున్నారంటే, అనుకునేలా చేసింది నేనే.

2022 ఏప్రిల్ ఆఖర్లో, పిల్లల సెలవులకి, మా పెద్దాడపడుచు కుటుంబమంతా వస్తున్నామని ఫోన్ చేశారు. వదినా, అన్నయ్యగారూ, ఇద్దరాడపిల్లలూ. పదిరోజులు. "హోటలెందుకు వదినా, మనిల్లుండగా" అన్నాను. మా వారు పక్కనుంచి నీళ్ళ డ్రమ్ము వైపు చెయ్యి చూపిస్తున్నా వినిపించుకోలేదు.

చెన్నైలో విమానం ఎక్కి వచ్చారు. మొదటిరోజు బ్రహ్మాండంగా గడిచింది. వంజరం పులుసు, కొబ్బరన్నం, రాత్రి పొద్దుపోయేదాకా కబుర్లు. రెండోరోజు అందరూ సముద్రంలో మునిగి ఇసక, ఉప్పూ ఒంటినిండా పూసుకుని వచ్చారు. తలంట్లు మొదలయ్యాయి. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను, కానీ నా చెవులు బాత్రూంలోనే ఉన్నాయి. చెంబు చప్పుడు లెక్కపెడుతున్నాను! టాంకులో నీళ్ళు అడుగంటాయని గొట్టం గురకపెట్టింది. కుళాయి ఇంక ఎల్లుండే. అన్నయ్యగారూ, పెద్దమ్మాయీ అయ్యారు, చిన్నమ్మాయి తలుపు వేసుకుంటోంది. ఉండబట్టలేక గరిటె చేత్తోనే వెళ్ళి, "ఒక్క బకెట్టుతో కానిచ్చెయ్యమ్మా" అన్నాను.

నెమ్మదిగానే అన్నాననుకున్నాను. కాని మొహంలో ఏం కనబడిందో! వెనక తువ్వాలు పట్టుకుని వదిన నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు. రాత్రి అన్నం కెలికి లేచిపోయారు. మర్నాడు పొద్దున్న, "పిల్లలకి ఏసీ అలవాటమ్మా, ఏమీ అనుకోకు" అని బజారు దగ్గర హోటల్లో గది తీసుకున్నారు. నేను ఆపలేదు. ఆపి ఏం పోసేది?

వాళ్ళు విజయనగరం చేరకముందే కబురు చేరింది. "స్నానానికి నీళ్ళు కూడా కొలిచి పోసింది" అని. అన్నం తక్కువ పెట్టిందన్నా ఇంత నొచ్చుకునేదాన్ని కాదేమో. కోపంతో ఓ ఉత్తరం రాయబోయాను. నీళ్ళు ఎందుకు లేవో, ఎన్ని బిందెలో అన్నీ రాసి, చదువుకుని చింపేశాను. ఐదేళ్ళపాటు ఒక్క ముక్క చెప్పకుండా ఇప్పుడు చెబితే సంజాయిషీలా ఉంటుంది తప్ప నిజంలా ఉంటుందా?

ఆ తర్వాత వదిన నుంచి ఫోన్ లేదు. పండగలకి మా వారితో మాట్లాడేవారు, నన్నడిగేవారు కాదు.

2023 ఫిబ్రవరిలో అత్తయ్యగారు వచ్చి మూడునెలలు ఉన్నారు. ఈసారి ముందే ఫోన్లో మొత్తం చెప్పేశాను. "మా చిన్నప్పుడు నూతి నుంచి మోసుకున్నవాళ్ళమే, నాకు చెబుతావేమిటే" అన్నారు. వచ్చిన వారానికి నాకన్నా గట్టి లెక్క ఆవిడది. కుళాయి రోజున నాకన్నా ముందు లేచి కూర్చునేవారు. కూరగాయలు కడిగిన నీళ్ళు పారబోశానని ఒకరోజు నన్నే కేకలేశారు. ఓ మధ్యాహ్నం వరండాలో ఫోన్ మాట్లాడుతున్నారు, నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను. "నీకు కొలిచి పోసిందటే? నాకూ కొలిచే పోస్తోంది. తనకి పోసుకునేది ఎంతో చూశావా నువ్వు?" అవతల ఎవరో నాకు తెలుసు. బయటికి వెళ్ళలేదు. మడతపెట్టిన చీరే మళ్ళీ విప్పి మడతపెట్టాను.

వదిన వెంటనే ఏం ఫోన్ చేయలేదు లెండి. చేసే మనిషి కాదు. ఆవిడా మాటపడినావిడే కదా, పిల్లల ఎదురుగా. సుమారు ఏడాదికి, మరుసటి ఏప్రిల్లో ఓ సాయంత్రం నా నంబరుకే చేశారు. పలకరింపూ లేదు, ఏమీ లేదు.

"కుళాయి వస్తోందా?" అన్నారు.

"నిన్న వచ్చింది వదినా. మళ్ళీ ఎల్లుండి."

"ఊఁ" అన్నారు. కాసేపాగి, చిన్నమ్మాయి ఇంజనీరింగ్ సంగతి, మోకాళ్ళ నెప్పుల సంగతి చెప్పుకొచ్చారు. ఆ రోజు సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాని అప్పట్నుంచి ఎండాకాలంలో ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి మాట కుళాయి గురించే.

మొన్న మళ్ళీ వస్తామన్నారు. ఏ నెలలో అయితే నీకు వీలని అడిగారు. నవంబరులో రమ్మన్నాను.

"నవంబరులో అక్కడ వానలు కదటే? సముద్రమేం చూస్తాం?"

"సముద్రం సంగతి తర్వాత. ఎంతమంది వచ్చినా తలంటుపోస్తాను, రండి వదినా."

ఫోన్లో పెద్దగా నవ్వారు. ఏం తెమ్మంటావని అడిగితే రాసుకోమన్నాను: భీమాళి మామిడితాండ్ర రెండు కిలోలు, బూడిదగుమ్మడి వడియాలు, ఎండుమిరపకాయలు, మూతలు బిగుతుగా ఉండే చిన్న సీసాలు ఓ డజను. బొమ్మ సంచుల్లాంటివేమీ వద్దు, వీలైతే మూత ఉన్న పెద్ద బకెట్టు ఒకటి.