మార్జిన్‌లో పెన్సిల్ రాత

మా యూనివర్సిటీ లా కాలేజీ లైబ్రరీలో చాలా ఏళ్ళు పనిచేసిన మేడం ఈ సంక్రాంతి వెళ్ళాక పోయారు. నాకు కబురు ఆలస్యంగా తెలిసింది. ఆ రాత్రి నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం తీసి కృతజ్ఞతల పేజీ చూసుకున్నాను. గైడ్ గారున్నారు. అమ్మానాన్నలు, హాస్టల్ స్నేహితులు, టైపు చేసినతను కూడా ఉన్నారు. చివర్లో 'గ్రంథాలయ సిబ్బందికి' అని ఒక్క మాట. ఆవిడ పేరు లేదు.

తెలుగు కథల్లో కోర్టుకెక్కిన స్త్రీల మీద నా పరిశోధన. భార్యని కాపురానికి పంపమని భర్త దావా వేసే కథలు కొన్ని దొరికాయి. వాటి వెనకున్న చట్టం తెలుసుకుందామని లా లైబ్రరీకి వెళ్ళాను. బీరువాల నిండా ఒకేలాంటి లావుపాటి సంపుటాలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఏం కావాలమ్మా?" అన్నారు మేడం. చెప్పాను.

"దాంపత్య హక్కుల పునరుద్ధరణ అని దానికి పెద్ద పేరు. మన ఊళ్ళ భాషలో అయితే, ఇష్టమున్నా లేకపోయినా మూటాముల్లె సర్దుకుని రమ్మనడం" అని నవ్వారు.

1955 హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 9 చూపించారు. తర్వాత నిచ్చెనెక్కి 1983 ఏఐఆర్ ఆంధ్రప్రదేశ్ సంపుటం దించి, 356వ పేజీ తీసిచ్చారు. అది సరిత కేసు. భార్యని బలవంతంగా కాపురానికి పంపించే అధికారం కోర్టుకి ఇస్తే, ఆమె శరీరం మీద ఆమెకే అధికారం లేకుండా పోతుందనీ, ఆ సెక్షన్ రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకి విరుద్ధమనీ మన హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఇచ్చిన తీర్పు. మనం కవిత్వంలో కొట్లాడి చెప్పుకున్న మాట తీర్పులో కనిపించేసరికి ఒళ్ళు జలదరించింది. మధ్యాహ్నమంతా కూర్చుని నోట్సు రాసుకున్నాను. అధ్యాయం ముగింపు మనసులో సిద్ధమైపోయింది కూడా.

పుస్తకం మూయబోతుంటే మార్జిన్‌లో సన్నటి పెన్సిల్ అక్షరాలు కనిపించాయి: 'సరోజ్ రాణి, సుప్రీంకోర్టు, 1984 చూడండి.'

చూశాను. ఆ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని, అది వివాహం విచ్ఛిన్నం కాకుండా కాపాడటానికేనని సుప్రీంకోర్టు 1984లో తేల్చేసింది. ఆ పెన్సిల్ రాత లేకపోతే, కొట్టేసిన తీర్పుని బతికున్న చట్టంగా రాసేసి ఉండేదాన్ని.

నా ముఖం చూసి మేడం అన్నారు: "కోపం రావాల్సిందే. కానీ ముందు విషయం తెలియాలి కదా."

ఆవిడ అసలు పని ఏమిటో ఆ రోజే నాకు అర్థమైంది. కొత్త తీర్పుల సంచికలు వచ్చినప్పుడల్లా, ఏ పాత తీర్పు నిలిచిందో ఏది పోయిందో చదివి, ఆ పాత సంపుటం వెతికి మార్జిన్‌లో రాసేవారు. చట్టానికి సవరణ వస్తే చీటీ అతికించేవారు. ఇప్పుడు కంప్యూటర్ క్షణంలో చూపిస్తున్న ఆ పనిని ఆవిడ కళ్ళూ మోకాళ్ళూ అరగదీసుకుని చేశారు. దాన్నెవరూ పాండిత్యం అనలేదు. పుస్తకాలు సర్దడం అన్నారు. ఇంట్లో మనం చేసే పనికీ అదే పేరు.

కిటికీ పక్కన ఒక బల్ల ఉండేది. అప్పుడప్పుడూ కోర్టు కాగితాలు పట్టుకుని ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. "నేను లాయర్ని కాదమ్మా, సలహా చెప్పకూడదు" అంటూనే 1987 న్యాయ సేవల చట్టం తెరిచేవారు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకి ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలన్న సెక్షన్ 12 మీద వేలు పెట్టేవారు. చదవలేని వాళ్ళకి పక్కన కూర్చుని చదివి వినిపించేవారు. బయటివాళ్ళని రానిస్తున్నారని గొణిగినవాళ్ళు లేకపోలేదు. "చదివి వినిపించడం కూడా నా ఉద్యోగమే" అనేవారు.

నా సిద్ధాంత గ్రంథం తీసుకెళ్ళి ఇచ్చినప్పుడు మొదటి పేజీ నుంచీ నింపాదిగా తిప్పారు. "1984 కేసు పెట్టావా?" అని మాత్రం అడిగారు. పెట్టానన్నాను. "మంచిది" అన్నారు. కృతజ్ఞతల పేజీ గమనించలేదనుకుని ఊరట పడ్డాను. అన్ని సంపుటాల్లో ఏ తీర్పు ఏమైందో కనిపెట్టి ఉన్న మనిషి అది గమనించలేదని ఎలా అనుకున్నానో!

రిటైరయ్యాక 2017లో ఒకరోజు ఫోన్ చేశారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది అప్పుడే. "ఆ 356వ పేజీలో నా రాత కింద దీన్నీ రాయి. పైది మాత్రం చెరపకు, సెక్షన్ 9 ఇంకా పోలేదు" అన్నారు. అడిగి వెళ్ళి రాసొచ్చాను. ఆ సెక్షన్ ఇప్పటికీ చట్టంలోనే ఉంది.

ఈ వ్యాసంలోనైనా పేరు వేద్దామనుకున్నాను. అమ్మకి పేరు అచ్చులో కనపడటం ఇష్టముండదు, వద్దంది వాళ్ళమ్మాయి. కాదనలేకపోయాను. మొన్న యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళి నా సిద్ధాంత గ్రంథం అడిగి తీసుకున్నాను. 'గ్రంథాలయ సిబ్బందికి' అన్నచోట, మార్జిన్‌లో ఆవిడ పూర్తి పేరు రాశాను. పెన్సిల్‌తోనే.