బొట్టుబిళ్ళ పెట్టిన చోట

మా ఆయనకి పాటలంటే ప్రాణం. పోయిన సంక్రాంతికి మేం బట్టలు కొనుక్కుంటే, ఆయన సెకండ్ హ్యాండ్‌లో ఇంకో యాంప్లిఫయర్ కొనుక్కొచ్చారు.

"ఉన్నది పాడైందా అండీ?" అన్నాను.

"కాదోయ్, దీన్ని బై-యాంపింగ్ అంటారు" అని పాఠం మొదలుపెట్టారు.

మా స్పీకర్ల వెనక వైర్లు బిగించే చోట్లు రెండు కాదు, నాలుగు. ఒక జత పెద్ద వూఫర్‌కి, ఇంకో జత చిన్న ట్వీటర్‌కి. రెండు జతల్నీ కలుపుతూ చిన్న రేకులుంటాయి. అవి తీసేసి బరువు స్వరాలకి ఒక యాంప్లిఫయర్, సన్న స్వరాలకి ఇంకొకటి ఇవ్వాలి. తీయడం మరిచిపోతే యాంప్లిఫయర్లు కాలిపోవచ్చట. వేరు కాపురం పెట్టాక మధ్య తలుపు మూసెయ్యాలన్నమాట!

రెండూ ఒకేలాంటివి కావు కాబట్టి ఒకటి ఎక్కువ పలుకుతుంది. సరిచూడ్డానికి ఘంటసాల పాట పెట్టి, ట్వీటర్ వైపు నాబ్ పెంచుతూ పోయారు. "ఇప్పుడు కుదిరింది" అన్నారు. అమ్మాయి చెవులు మూసుకుంది.

"నాన్నా, 'స' అన్నప్పుడల్లా సూది గుచ్చినట్టుంది!"

నాకూ అంతే. "మీకేం తెలుసు" అని కసిరారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏడాదిగా నేను నోట్లో గొణుగుతానని ఆయన, పిలిస్తే పలకరని నేను. ఒకసారి "సంచి తీసుకెళ్ళండి" అంటే "కంచికా?" అన్నారు. పడీపడీ నవ్వాం. శ, ష, స ఊష్మాలని డిగ్రీలో చదివాను. ఆ బుసబుస అంతా సన్న స్వరాల్లోనే ఉంటుంది. వయసు పైబడితే ముందు వినపడకుండా పోయేవీ అవే. తగ్గింది ట్వీటర్ కాదు.

పది రోజులు బతిమాలితే చెవి పరీక్షకి వచ్చారు. గ్రాఫులో గీత బరువు స్వరాల దగ్గర సమంగా నడిచి, సన్న స్వరాల దగ్గర మెట్లు దిగినట్టు దిగిపోయింది. దారంతా ఆయన మాట్లాడలేదు. యాభై నాలుగేళ్ళకే మిషనా అని ఇంకా ఒప్పుకోలేదు.

ఇంటికొచ్చాక ఆయనే అమ్మాయిని పిలిచి, "నీ చెవికి బాగున్న చోట పెట్టమ్మా" అన్నారు. అక్కడ గుర్తుగా నేనో బొట్టుబిళ్ళ అంటించాను. దాన్ని దాటి ఆయన తిప్పరు.

నేనూ వంటింట్లోంచి కేకెయ్యడం మానేశాను. ఎదురుగా వెళ్ళి నిలబడి "సంచి" అంటున్నాను. "కంచికా?" అంటారు, ఇప్పుడు కావాలనే.