చెప్పుల షెడ్డులో

కుష్ఠు పరిశోధనకు డబ్బిచ్చే ఒక ధర్మసంస్థ, ఇకపై ఏ పరిశోధనలకు ముందు సాయం చేయాలో తేల్చుకోబోతోందని, వెళ్ళి చూసి రాయమని ఎడిటర్ పంపారు. సమావేశం ఓ కుష్ఠు ఆస్పత్రి పై అంతస్తులో. నేను మాత్రం చాలాసేపు కిందే, చెప్పులు కుట్టే షెడ్డులో ఉండిపోయాను.

ఓ పెద్దాయన ముసలమ్మ పాదాన్ని కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీశాడు. పుండు ఉన్నచోట ఇంటూ గుర్తు, పక్కన తారీఖు. ఎమ్‌సీఆర్ అనే మెత్తటి రబ్బరును బొటనవేలితో నొక్కి చూశాడు. గట్టిపడిన ముక్కను పక్కన పడేశాడు. ఎక్కడా మేకు కొట్టడు, అంతా జిగురూ కుట్టూ. మేకు దిగినా స్పర్శ పోయిన ఆ పాదానికి తెలియదు మరి. చెప్పు జారినా తెలియదు, అందుకే మడమ వెనక పట్టీ. అయ్యాక లోపలంతా వేళ్ళతో తడిమి చూశాడు. అలా గీసిన కాగితాలు మూల బీరువా నిండా ఉన్నాయి. ఏ పరిశోధకుడూ వచ్చి అడగలేదట. నాకు ఒళ్ళు మండింది.

"మందులైపోయాయి, జబ్బు లేదన్నారు గదా నాయనా, ఈ పుండెందుకు మానదు?" అందామె.

"నడక తగ్గించమ్మా, మానుద్ది."

"నడవకపోతే కూలెవరిస్తారు?"

పైన సమావేశంలో మాట్లాడుతున్నది కుష్ఠు తెచ్చే బాక్టీరియా గురించి. అది అనవసరమని అనను. దాన్ని ప్రయోగశాల పాత్రలో పెంచడం ఇప్పటికీ ఎవరి వల్లా కాలేదు; 2001లో దాని జన్యుక్రమం వెలువడటం గొప్ప మేలే. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స ఆ క్రిమిని చంపుతుంది. చచ్చిన నరాన్ని మాత్రం బతికించదు. మందుల కోర్సు ముగిశాక కూడా ఒంటి రోగనిరోధక శక్తి ఎదురుతిరిగి, రియాక్షన్లు వచ్చి నరాలు దెబ్బతినవచ్చు. వాటికి ఇప్పటికీ ప్రధానంగా ఆ పాత స్టెరాయిడ్లే దిక్కు. దేశంలో జబ్బున్నవాళ్ళ సంఖ్య పదివేల మందిలో ఒకరికన్నా తక్కువకు దిగిందని 2005 చివర్లో కుష్ఠు నిర్మూలన ప్రకటించుకున్నాం. ఆ తర్వాత జబ్బే పోయినట్టు చేతులు దులుపుకున్నాం. ప్రపంచంలోని కొత్త కేసుల్లో సగానికి పైగా నేటికీ మన దేశంలోనివే.

నరం చచ్చేలోపే పసిగట్టడం ఎలా, మానిన పుండు మళ్ళీ లేవకుండా చూడటం ఎలా అన్నవి ఆ సంస్థ జాబితాలో అడుగున ఉన్నాయి. సమావేశపు బల్ల దగ్గర జబ్బుపడి లేచినవాళ్ళు ఒక్కరూ లేరు. బ్రిటన్‌లో 2004లో మొదలైన జేమ్స్ లిండ్ అలయన్స్ రోగులనూ, వాళ్ళను చూసుకునేవాళ్ళనూ, వైద్యులనూ కలిపి కూర్చోబెట్టి, ముందు పరిశోధించాల్సిన ప్రశ్నలేవో వాళ్ళే తేల్చేలా చూస్తుంది. ఇక్కడా ఆ పని చేయొచ్చు. షెడ్డులోని ఆ ముసలమ్మకు ఆ పూట పోయే కూలీ, బస్సు ఛార్జీ చేతిలో పెట్టి పైకి పిలవాలి, అంతే.